ఎర్రచుక్క తూటాలు

లార్సెన్ బే
ఫిబ్రవరి 20, 1986

బావగారికి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కుక్కా. మీరూ అనీస్యా అక్కా బాగున్నారని తలుస్తాను.

ఈ వేసవికి నేను చేపల శిబిరానికి వెళ్ళనని ఊరంతా తీర్మానించేసుకుంది. వెళ్తున్నాను. జూన్ మొదటివారంలో వల దించాలి. ఒక్క ఏడాది మన చోట వల పడకపోతే పై ఏడాది ఇంకెవరో దించేస్తారు, అడిగే దిక్కుండదు. ఈ పద్ధతి మీ నాన్నగారు మీకు చెప్పిందే, నేను కొత్తగా చెప్పేదేముంది? ఇరవై రెండేళ్ళు మీ తమ్ముడూ నేనూ వల లాగిన నీళ్ళవి. నాకు మిగిలింది ఆ నీళ్ళే. వాటిని వదులుకుని ఈ ఊళ్ళో కిటికీ పక్కన కూర్చుంటే వచ్చే చలికాలానికి నేనుండను.

అందుకే మీ సలహా కావాలి. నాకొక చేతితుపాకీ ఎంచి చెప్పండి. ఇంట్లో రైఫిల్ ఉంది. కానీ మనిషి వాగు దగ్గర చేపలు కోస్తుంటే రైఫిల్ ఎక్కడుంటుందో మీకు తెలుసు, గుడిసె తలుపు వెనక ఉంటుంది. ఆగస్టులో ఆ రోజు కూడా అక్కడే ఉంది. మీ తమ్ముడి అరుపు విని నేను దాన్ని అందుకుని వాగు దాకా పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. ఆ ఆడఎలుగు నా గుండు తగిలి పడింది గానీ, ఎవరికి లాభం? రెండు చేతులూ చేపల్లో ఉన్నప్పుడు ఒంటికి అంటిపెట్టుకుని ఉండేదే పనికొస్తుంది.

ఆ రోజు మీ తమ్ముడి ఒంటి మీద రివాల్వర్ ఉంది. నాలుగుసార్లు పేల్చారు. నాలుగూ తగిలాయని విచారణకొచ్చిన పోలీసు ట్రూపర్ చెప్పాడు. అయినా అది ఆగలేదు. ఏ తుపాకీ అయితే ఆగుతుంది, ఏ తూటా అయితే ఆగుతుంది? ఈ దీవిలో మీకంటే తెలిసినవాళ్ళు లేరు. పాతికేళ్ళుగా ఆయన తూటాలన్నీ మీ చేత్తో మందు కూరి, సీసం పోసి చేసినవే కదా. ట్రూపర్ ఆ రివాల్వర్‌ని మొన్న జనవరిలో కాగితపు సంచిలో పెట్టి తెచ్చిచ్చి, నా చేత సంతకం పెట్టించుకున్నాడు. సంచి ఇంకా విప్పలేదు.

దుకాణంలో పరస్కోవ్య అంటుందీ, "నీకు తుపాకీ ఎందుకే, నువ్వు నోరు తెరిస్తే చాలదా? ఎలుగు ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి పోదూ!" అని. నవ్వాను. ఆగస్టు తర్వాత అదే మొదటిసారి.

మీ మరదలు,
ఫెక్లా


కోడియాక్
మార్చి 9

ఫెక్లాకి,

నీకు మతి పోయింది. ఆ మాట ముందు రాసేస్తే మిగతాది స్థిమితంగా రాయగలను.

ఒంటరి ఆడది ఆ వాగు ఒడ్డున మూడు నెలలా? మీ అక్క నీ ఉత్తరం విని స్టవ్ మీద చేపల పులుసు మాడబెట్టింది. ఆ చోటు పోతే పోనీ. వల వేసే చోట్లు పోతుంటాయి, వస్తుంటాయి. నువ్వు వినవని తెలుసు కాబట్టి కింద రాసేది జాగ్రత్తగా చదువు.

ముందు సంగతి, ఎలుగు ముందు ఏ చేతితుపాకీ అయినా బిచ్చగాడే. రైఫిల్ చేసే పని అది చెయ్యదు. దాని గొప్పంతా నీ ఒంటిమీద ఉండటంలోనే ఉంది. కాబట్టి నడుముకి కట్టకు. నడుముకి కడితే నీళ్ళ ప్యాంటు కింద పడి ఉంటుంది, తీసేలోగా నీ పని అయిపోతుంది. రొమ్ము మీద అడ్డంగా తోలు ఒర కట్టుకో. పడవలో, వల దగ్గర, మరుగుదొడ్డికి వెళ్ళినా సరే. గుడిసెలో మేకుకి తగిలించిన రోజున అది లేనట్టే.

రెండోది, ఎంత పెద్దది? త్రీఫిఫ్టీసెవెన్ కొలత రివాల్వర్ నీ చేతికి సుఖంగా ఉంటుంది, కానీ మన దీవి ఎలుగుకి అది చాలీచాలనిది. ఫార్టీఫోర్ మాగ్నమ్ కంటే తగ్గొద్దు. అంతకంటే పెద్దవి ఇప్పుడు కుర్రకారు కొంటున్నారు. రెండోసారి పేల్చేసరికి చెయ్యి ఎక్కడుందో వెతుక్కుంటారు. మొదటి గుండు తగలకపోతే రెండోది నువ్వే కొట్టాలి, మూడోదీ నువ్వే. మోజు పడి చేతకానిది కొనకు. కాగితం మీద చెయ్యి పెట్టి గీసి పంపు, పిడి సైజు చూస్తాను.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, తూటా. అంగట్లో మూతి బోలుగా ఉన్నవి అంటగడతారు. ఒంట్లోకి దిగగానే అవి విచ్చుకుంటాయి. మనిషికైతే అది చాలు. ఎలుగుకి విచ్చుకునేది కాదు, లోపలి దాకా వెళ్ళేది కావాలి. దాని భుజం మీద జానెడు కొవ్వుంటుంది, కింద కండ, కింద ఎముక. పుర్రె చూస్తే ఏటవాలు, మెత్తటి గుండు జారి పక్కకి పోతుంది. గట్టి సీసం, బరువు ఎక్కువ, మూతి బల్లపరుపు, వెనక నిండు మందు. అది ఉంటే నాలుగు అక్కర్లేదు, రెండు చాలు.

ఒక పని చెయ్యి. తమ్ముడు లారియన్ డబ్బాల్లో మిగిలిన తూటాలేమైనా ఉంటే అన్నీ మూటకట్టి విమానంలో నాకు పంపెయ్యి. వాటిని పేల్చకు. తేమ పట్టి ఉంటాయి. నీకు కొత్తవి చేసి ఇస్తాను.

మీ అక్క టీ పొట్లం పంపుతోంది.

మీ బావ,
జఖార్


లార్సెన్ బే
ఏప్రిల్ 2

బావగారికి,

టీ అందింది. అక్కకి చెప్పండి. నా చెయ్యి గీసిన కాగితం దీనిలో ఉంది. చిటికెన వేలు వంకరగా గీయలేదు, అదంతే.

మీరు పేల్చొద్దన్నవి పేల్చాను. కోప్పడకండి, ఎలా జరిగిందో చెప్తాను.

వల చోటుకి అవతల మా పొరుగున ఉండే మత్ఫేయ్ గుర్తున్నాడా, చెవిటి మత్ఫేయ్? నా చెవుల్లో గుడ్డలు కుక్కి సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ముందు తన త్రీఫిఫ్టీసెవెన్ ఇచ్చాడు, బాగానే కొట్టాను. ఆ తర్వాత కాగితపు సంచి విప్పాను. లారియన్ రివాల్వర్ బయటికి తీసి శుభ్రం చేశాను. పిడి మీద గాట్లున్నాయి. అవి పళ్ళ గాట్లు. తూటాలకి అటక మీది డబ్బా పట్టుకెళ్ళాను. మీరు వద్దన్నారని చెబితే మత్ఫేయ్, "మీ బావ మందే నమ్మకపోతే ఇంకెవడి మందు నమ్ముతామే? ఎక్కించు!" అన్నాడు.

మొదటి దానికి రివాల్వర్ లేచి నా టోపీ పడగొట్టింది. మణికట్టు నుంచి మోచేతిదాకా జివ్వుమంది. అడుగున చుక్క లేని, తేలికదనుకున్న తూటా అది. "చుక్కలేనిదే ఇంత తన్నితే ఎర్రచుక్కది నిన్ను నీళ్ళలో పడేస్తుంది, కాళ్ళు ఎడంగా పెట్టుకో," అన్నాడు. పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని నొక్కాను.

ఏమీ లేదు బావగారూ. పిల్లల తుపాకీలా టప్పుమంది. చెయ్యి కదల్లేదు.

మత్ఫేయ్ నా చేతిలోంచి లాక్కున్నాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగ ఉంది, దాంట్లోకి ఒకటి చుక్క లేనిది, ఒకటి ఎర్రచుక్కది కొట్టాడు. చుక్క లేనిది దుంగని దాటి అవతల ఇసకలోకి పోయింది. ఎర్రచుక్కది రెండంగుళాలు దిగి ఆగిపోయింది. కత్తితో తవ్వి తీస్తే నమిలి ఉమ్మిన బబుల్‌గమ్‌లా ఉంది. మెత్తటి సీసం. దాన్ని అరచేతిలో పెట్టుకుని గోటితో గీరి చూశాడు. "ఫెక్లా, ఇవి గురి నేర్చుకోడానికి చేసేవి. ఎలుగుకి కాదు," అన్నాడు. చెవిటివాడు కదా, ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు. ఆ మాట మాత్రం గొణిగాడు.

కాగితపు సంచి అడుగున నాలుగు ఖాళీ గొట్టాలూ, పేలని తూటాలు రెండూ ఉన్నాయి. ఆరింటి అడుగునా ఎర్రచుక్కే.

మా గుడిసెలో పదిహేనేళ్ళ నుంచి ఒకటే లెక్క. ఎర్రచుక్క ఉంటే నిండు మందు, ఎలుగుకి. చుక్క లేకపోతే తేలికది, రేకు డబ్బాల మీద గురికి. అనీస్యా అక్క గోళ్ళరంగు తీసుకుని మీరే పెడతారు ఆ చుక్క. ఆ రోజు పొద్దున ఆయన కొత్త డబ్బాలోంచి ఆరు ఏరి పెట్టుకోవడం నేను చూశాను. "ఎర్రవే పెట్టాను, భయపడకు," అని నాతో అని మరీ వెళ్ళారు.

ఇదెలా జరిగింది? నాకర్థమయ్యేలా రాయండి.

ఫెక్లా


కోడియాక్
ఏప్రిల్ 19

ఫెక్లాకి,

పేల్చొద్దని చెప్పాను. చెప్పిన మాట వినే ఇల్లు కాదు మీది.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కిందటి చలికాలం లారియన్ మంచు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, అది నీకూ తెలుసు. చెయ్యి మళ్ళీ అలవాటు పడేదాకా తేలికవి కావాలన్నాడు. యాభై తేలికవి చేశాను. వాటితో పాటు నూటయాభై నిండువి. మీ అక్క రంగుసీసా అడుగంటింది. దుకాణంలో ఆ నెల ఎర్రరంగు రాలేదు. ఉన్న రంగు నూటయాభైకి చాలదు, యాభైకి సరిపోతుంది. అందుకని ఆ ఒక్కసారికి ఎరుపు తేలికవాటికి పెట్టాను. చేసేవాడు ఎవడైనా అదే చేస్తాడు. మొత్తం ఒకే డబ్బాలో సర్ది జులైలో విమానంలో పంపాను.

పంపి ఊరుకోలేదు. వారం తర్వాత వాడికి ఉత్తరం రాశాను. ఈసారి ఎరుపంటే తేలికది అని అందులో స్పష్టంగా రాశాను. అది వాడు చదివాడో, చదివి పొయ్యి రాజేసుకున్నాడో నాకేం తెలుసు? చిన్నప్పటి నుంచీ అంతే, ఒక చెవిన వింటాడు. పడవ తాడు రెండు ముళ్ళు వెయ్యరా అంటే ఒక ముడి వేసి పడవ పోగొట్టినవాడు. చనిపోయిన వాడి గురించి ఇలా రాయడం నాకు ఇష్టమా? నువ్వే రాయించావు.

ఆ మిగిలిన తూటాలు పంపెయ్యి. ట్రూపర్‌కి ఇవన్నీ చెప్పి ఏం లాభం? ఎలుగు చచ్చింది, మనిషీ పోయాడు. మత్ఫేయ్‌కి కూడా చెప్పు, గొంతు తగ్గించమని.

జఖార్


లార్సెన్ బే
మే 6

బావగారికి, అక్కకి,

క్రీస్తు లేచాడు!

ఈస్టర్ పండగకి అందరూ గుడికొచ్చారు, ఒకర్నొకరు మూడుసార్లు ముద్దుపెట్టుకున్నారు, కొందరు నన్ను కూడా. నేను రంగు గుడ్లు తీసుకెళ్ళాను. ఆయన సమాధి మీద ఒకటి పెట్టాను.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు నేను పొయ్యి వెలిగించలేదు. కుక్కకి పచ్చి చేప పడేశాను. 

మీ జులై ఉత్తరాన్ని ఆయన చదవలేదు. విమానం దగ్గరికి ఎప్పుడూ నేనే వెళ్తాను, టపా నేనే తెస్తాను. కవరు మీద మీ రాత చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఏటా అంతే కదా బావగారూ. ఆ చోటు వదిలెయ్, టౌనుకి రా, చేపలు డబ్బాలకెక్కించే క్యానరీలో నా పక్కన పని చెయ్యి అని మీరు రాస్తారు. అది చదివి ఆయన వారం రోజులు నాతో మాట్లాడరు, వల ముడులు తప్పు వేస్తారు. ఆ వారం చేప పోటెత్తుతోంది. సీజన్ అయ్యాక ఇద్దామనుకున్నాను. ఆ తర్వాత ఏం చేశానో రాయడానికి సిగ్గేస్తోంది. కవరు విప్పకుండానే స్టవ్‌లో పడేశాను.

అందులో ఎర్రచుక్క మాట ఉందంటే ఆయన్ని చంపింది ఎలుగు కాదు, నేను. అంతే కదా? నా చేత్తో. నా ఒళ్ళుమంటకి.

అందులో ఏముందో ఇప్పుడు తెలిసింది లోకంలో మీకొక్కరికే. ఒక్కసారి, పండగ వారంలో, దేవుడి పటం ముందు నిలబడి చెప్పినట్టు చెప్పండి. ఆ మాట అందులో రాశారా? ఏదో హడావిడిలో మరిచిపోయి ఉంటే, మరిచిపోయానని రాయండి. మనుషులు మరిచిపోతారు. నేను కోపం తెచ్చుకోను, మీతో తగవు పెట్టుకోను, ఇంకొకరి చెవిన వెయ్యను. ఆ మాట ఇక్కడే రాసిస్తున్నాను. మీరేం రాస్తే అదే నమ్ముతాను.

తొందరగా రాయండి. శిబిరానికి వెళ్ళేలోపు నాకు తెలియాలి.

ఫెక్లా


కోడియాక్
మే 19

నా చెల్లెలు లాంటి ఫెక్లాకి,

నిజంగానే లేచాడు!

నీ ఉత్తరం మీ అక్కకి చూపించలేదు. నేనొక్కణ్ణే వర్క్‌షాపులో కూర్చుని రెండుసార్లు చదివాను. ఏడ్చాను కూడా. ముసలాణ్ణి, సిగ్గుపడను.

అడిగావు కాబట్టి దాచను. అవును, రాశాను. రెండో పేజీలో పైనే రాశాను, కింద రెండు గీతలు కూడా గీశాను. "తమ్ముడూ, ఈసారి ఎరుపు తేలికది, గుర్తుంచుకో," అని ఇవే మాటలు. రాసేటప్పుడు పెన్నులో ఇంకు అయిపోతే పెన్సిల్‌తో గీశాను, అంత బాగా గుర్తుంది.

కానీ ఫెక్లా, నీకు తెలిసి చేశావా? తెలియదు. మొగుడి మనసు పాడవకూడదని చేశావు. ఏ ఆడదైనా చేసే పనే. నేను నిన్ను ఒక్క మాట అనను. నా రక్తం పంచుకుపుట్టిన తమ్ముడు పోయాడు, అయినా అంటున్నాను, నిన్ను పూర్తిగా క్షమించేశాను. లారియన్ కూడా క్షమించే ఉంటాడు, వాడి మనసు నాకు తెలుసు. ఫాదర్ దగ్గర చెప్పుకుంటానంటావేమో, వద్దు. ఇలాంటివి బయటికి పోతే ఊరు ఊరుకోదు. నీకూ నాకూ మధ్యే ఉండనీ. ఈ బరువు నువ్వొక్కదానివే మొయ్యొద్దు, సగం నాకివ్వు.

రాసిన ఉత్తరం చేరిందో లేదో కనుక్కోకపోవడం నా వైపు పొరపాటు. అది ఒప్పుకుంటాను.

పనిలోకి వద్దాం. ఈ విమానంలోనే నీకొక పెట్టె పంపుతున్నాను. కొత్త ఫార్టీఫోర్, నాలుగంగుళాల బారెల్, తుప్పు పట్టని ఉక్కు. ఉప్పునీటి దగ్గర అదే మేలు. నువ్వు గీసిన చేతి బొమ్మ చూసి పిడి సన్నగా చెక్కాను. రబ్బరు తొడిగాను, తన్ను తగ్గుతుంది. రొమ్ము ఒర నేనే కుట్టాను, పట్టీలు కోటు మీదికి వచ్చేలా. నూరు తూటాలు, అన్నీ నిండువే, గట్టి సీసం. ఏ రంగూ పెట్టలేదు.

రోజూ పదిసార్లు ఖాళీ తుపాకీ ఒరలోంచి తీసి నొక్కడం సాధన చెయ్యి, ఆ తర్వాత ఆరు నిజమైనవి కొట్టు. ఎలుగు ఇరవై గజాల్లో ఉంటే ఒకటీ రెండూ అనేలోగా మీద పడుతుంది. కాబట్టి ముందు గట్టిగా కేకెయ్యి, వెనక్కి తిరిగి పరుగెత్తకు. దగ్గరికొచ్చేదాకా కొట్టకు. తల మీదికి కాదు, ఎదురుగా వస్తుంటే గడ్డం కింద మెడ మొదట్లో కొట్టు.

జులై చివర్లో క్యానరీ పని తెరిపి ఇస్తే నేనే పడవేసుకుని వచ్చి వారం రోజులు నీకు సాయంగా ఉంటాను. అన్నలా అనుకో.

జఖార్


ఉయాక్ అఖాతం, శిబిరం
జూన్ 7

జఖార్‌కి,

మీ పెట్టె అందింది. ఈ విమానంలోనే తిరిగి వస్తోంది. రివాల్వర్, ఒర, నూరు తూటాలూ అలాగే ఉన్నాయి, కావాలంటే లెక్కపెట్టుకోండి. పిడి నా చేతికి అచ్చంగా సరిపోయింది. మీ పనితనానికి వంక పెట్టలేను.

ఉత్తరం నేను కాల్చలేదు.

మీ తమ్ముడికి ఇవ్వకుండా దాచింది నిజం. సీజన్ అయ్యాక ఇద్దామనుకున్నదీ నిజం. ఆయన పోయాక దాన్ని విప్పడానికి మనసొప్పలేదు. ఆయన పేరున వచ్చింది, ఆయన విప్పనిది నేనెందుకు విప్పాలి అనుకున్నాను. వానకోటు పెట్టెలో అడుగున పెట్టేశాను. ఏప్రిల్‌లో మీరు "స్పష్టంగా రాశాను" అన్నప్పుడు ఆ పెట్టె ముందు కూర్చున్నాను. ఆ రెండు రోజులు నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. పొయ్యి వెలిగించలేదని రాశానే, అది అబద్ధం కాదు. కవరు చేతిలోకి తీసుకుంటాను, మళ్ళీ పెట్టేస్తాను. ఇందులో ఆ మాట ఉంటే రైఫిల్ నా మీదే పేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను. మూడోరోజు పొద్దున విప్పాను.

ఒక్కటే కాగితం. ఒకవైపే రాశారు. రెండో పేజీ అన్నదే లేదు.

మీకు గుర్తు లేకపోతే చెప్తాను. "తమ్ముడూ, నీ పెళ్ళాం నీ మెడకి కట్టిన లంగరు. తాడు కోసుకుని రా," అని మొదలుపెట్టారు. క్యానరీ ఫోర్‌మన్ మీ మాట వింటాడని అన్నారు. పిల్లలు లేని మనిషివి, ఎవరి కోసం ఆ నీళ్ళు పట్టుకుని వేళ్ళాడుతున్నావని అడిగారు. చివర్లో, "తూటాలు అందాయా? అందినట్టు కబురు చెయ్యి," అని రాశారు. ఆ వాక్యం పక్కన బోలెడంత ఖాళీ ఉంది.  నన్ను తిట్టడానికి పద్నాలుగు వరుసలు దొరికాయి మీకు. ఎరుపు తేలికది అనడానికి ఒక్క వరుస చాలు.

సరే, మరిచిపోయారు. నేను నిజంగా కోపం తెచ్చుకోలేదు, మీరు నమ్మినా నమ్మకపోయినా. ఒళ్ళంతా తేలికైపోయింది, నేను చంపలేదు కదా అని. రంగు అయిపోవడం ఎవరికైనా జరుగుతుంది. చెయ్యి నొప్పి అన్న తమ్ముడి కోసం కూర్చుని యాభై తూటాలు వేరేగా చేసిన మనిషి, కావాలని చేస్తాడా? మీరు ఎంత కుమిలిపోతున్నారో, దాంతోనే చనిపోయినవాడి మీదికి తోశారేమో అనిపించింది. అందుకే పండగ వారంలో కూర్చుని అలా రాశాను. కాల్చేశానన్నాను. మీకు సాక్ష్యం భయం లేకుండా చేశాను. మరిచిపోయానని రాస్తే చాలు, కోపం తెచ్చుకోనని కూడా రాసిచ్చాను. ఇంతకంటే తలుపు బార్లా తియ్యడం నాకు చేతకాదు. మరిచిపోయాను ఫెక్లా, అని రెండు మాటలు. రాసుంటే ఈ జూన్‌లో వల దించడానికి మిమ్మల్నే పిలిచేదాన్ని. ఒక్క పడవలో కూర్చుని ఇద్దరం ఆయన కోసం ఏడ్చేవాళ్ళం.

మీరు రెండో పేజీ కనిపెట్టారు. దాని కింద రెండు గీతలు గీశారు. ఇంకు అయిపోయిందని పెన్సిల్ కూడా తెచ్చారు.

ఒక ఆడది మొగుణ్ణి చేతులారా చంపుకున్నానని అనుకుంటూ ఈ వాగు ఒడ్డున మిగిలిన బతుకంతా చేపలు కోసుకుంటే, అది మీకు ఫరవాలేకపోయింది. ఫాదర్‌కి కూడా చెప్పుకోవద్దన్నారు. సగం బరువు మీరు మోస్తానన్నారు. చదువుతూ మత్ఫేయ్ ఎదురుగానే నవ్వాను. "ఏమైంది?" అని అరిచాడు. "మా బావ నన్ను క్షమించాడు," అని నేనూ అరిచాను. వాడికి సరిగ్గా వినబడలేదు, "మంచిది, మంచిది," అన్నాడు.

దాచినందుకు నా తప్పు నాకుంది. అది నేనూ మీ తమ్ముడూ తేల్చుకుంటాం, మీరు మధ్యలోకి రావద్దు. ట్రూపర్‌కి చెప్పను. చెప్పనని రాసిచ్చాను కదా, నేను రాసిన మాట మీద ఉంటాను. అనీస్యా అక్కకి మాత్రం మీరే చెప్పుకోండి. తన రంగుసీసా గురించి తనకి తెలియాలి.

మొన్న బుధవారం వల దించాను. మత్ఫేయ్ తాడు పట్టుకున్నాడు, లంగర్లు నేనే వేశాను. చేప బాగానే పడుతోంది. లారియన్ రివాల్వరే కట్టుకుంటున్నాను, పళ్ళ గాట్లున్న పిడితోనే. మీరు చెప్పినట్టే రొమ్ము మీద, పాత తోలు కోసి కుట్టుకున్న ఒరలో. మార్చి నుంచి రోజూ సాధన చేశాను, మణికట్టు గట్టిపడింది, నాలుగో గుండు కూడా ఇప్పుడు దుంగకే తగులుతుంది. గట్టి సీసం, బరువు ఎక్కువ, మూతి బల్లపరుపు, అన్నీ మీరు రాసినవే చూసి కొన్నాను. సలహా మాత్రం మంచిదే ఇచ్చారు.

విమానం నీళ్ళ మీద దిగింది, ముగించాలి. జులైలో పడవేసుకుని వస్తానన్నారు. రావద్దు. తుపాకీ నా ఒంటి మీదే ఉంటుంది, అందులో ఉన్న తూటాలు మీరు చేసినవి కావు.

ఫెక్లా